రాజకీయ హింసను నమోదు చేయడం: అమలాపురం, 2022 మే 24

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక హింసాత్మక సంఘటనకు సంబంధించి రుజువైన విషయాన్ని, ఆరోపణను, వ్యాఖ్యానాన్ని వేరుచేయగలుగుతారు.
• మృతులు, క్షతగాత్రుల సంఖ్యలను ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• న్యాయస్థానం తీర్పుకు, చరిత్రకారుడి నిర్ధారణకు ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే శాసనాలు, రాజవంశాలు, పాత దస్త్రాలు గుర్తుకు వస్తాయి. కాని మన కళ్లముందు జరిగిన సంఘటన కూడా చరిత్రే. దాని ఆధారాలు ఇప్పుడే తయారవుతున్నాయి, ఇప్పుడే చెరిగిపోతున్నాయి కూడా. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలవారై ఉండవచ్చు. 2022 మే 24న మీరు అక్కడే ఉండి ఉండవచ్చు. ఆ రోజు గురించి మీకంటూ ఒక అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉండడం తప్పు కాదు. అది ఆధారాన్ని మింగేయకుండా చూసుకోవడమే చరిత్ర విద్యార్థి పని.

2. సంఘటన, నేపథ్యం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. తూర్పు గోదావరి జిల్లా నుంచి విడివడి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు, మరికొన్ని పక్షాలు కోరాయి. మే 18న ప్రభుత్వం ‘డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా’ అనే పేరును ప్రతిపాదిస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు తెలపడానికి 30 రోజుల గడువు పెట్టింది. కోనసీమ అన్న పేరునే యథాతథంగా ఉంచాలన్నవారు మే 24న అమలాపురంలో కలెక్టరేట్ ముట్టడికి పిలుపునిచ్చారు.

ఆ నిరసన హింసగా మారింది. పోలీసులు లాఠీచార్జి చేశారు. పోలీసులపై రాళ్లు పడ్డాయి. బస్సులు తగలబడ్డాయి. మంత్రి పినిపే విశ్వరూప్, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ కుమార్ ఇళ్లకు నిప్పుపెట్టారు. పట్టణంలో 144వ సెక్షన్ విధించారు. ఇంటర్నెట్ సేవలను నిలిపివేశారు. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది.

3. మూడు ప్రశ్నలు

ఇలాంటి సంఘటనను నమోదు చేసేవారు మూడు ప్రశ్నలను విడివిడిగా ఉంచుకోవాలి: ఏం జరిగింది? ఎవరు చేశారు? ఎవరు చేయించారు?

మొదటి ప్రశ్నకు సాధారణంగా బలమైన ఆధారాలు దొరుకుతాయి. ఇళ్లు తగలబడడం అందరూ చూసినదే, దృశ్యాలలో నమోదైనదే. రెండో ప్రశ్నకు గుర్తింపు కావాలి. గుంపులో ఉన్న వ్యక్తి, నిప్పుపెట్టిన వ్యక్తి ఒకరే కావాలని లేదు. మూడో ప్రశ్నకు ఇంకా గట్టి రుజువు కావాలి. అమలాపురం విషయంలో హింస వెనుక కొన్ని రాజకీయ పార్టీలు ఉన్నాయని ప్రభుత్వం ఆరోపించింది. ప్రతిపక్షాలు ఆ ఆరోపణను తోసిపుచ్చి, ప్రభుత్వ వైఫల్యాన్ని ఎత్తిచూపాయి. ఇవి రెండూ నమోదు కావలసినవే. అయితే వాటిని నిర్ధారణలుగా కాక, ఎవరు ఎప్పుడు అన్నారో చెబుతూ ప్రకటనలుగా రాయాలి.

మొదటి ప్రశ్నకు దొరికిన రుజువును మూడో ప్రశ్నకు అరువు తెచ్చుకోవడం ఇటువంటి రచనల్లో తరచుగా కనిపించే పొరపాటు. ‘ఇల్లు తగలబడింది నిజం కాబట్టి ఫలానావారు చేయించారు’ అన్న వాక్యంలో ‘కాబట్టి’కి ఆధారం లేదు.

4. మాటల ఎంపిక

పక్షపాతం చాలాసార్లు పేర్లతోనే మొదలవుతుంది. ఒకే రోజును ఒకరు ‘ఆందోళన’ అంటారు, ఒకరు ‘అల్లర్లు’ అంటారు, మరొకరు ‘దళిత వ్యతిరేక దాడి’ అంటారు. మే 24 విషయంలో అసలు వివాదమే ఒక పేరు గురించి. జిల్లాను ఏ పేరుతో రాస్తున్నామన్నది కూడా పాఠకుడికి ఒక సంకేతమే అవుతుంది. ఏ తేదీన ఏ పేరు అధికారికమో చెప్పి, ఆ పేరునే వాడడం మేలు.

‘యుద్ధ నేరం’ వంటి చట్టపరమైన పదాలతో మరింత జాగ్రత్త అవసరం. 1949 జెనీవా ఒప్పందాలు, 1998 రోమ్ శాసనం ప్రకారం ఆ మాట సాయుధ ఘర్షణల సందర్భానికే వర్తిస్తుంది. పట్టణంలో జరిగిన విధ్వంసాన్ని ఆ పేరుతో పిలిస్తే తీవ్రత పెరిగినట్టు అనిపిస్తుంది కాని, కచ్చితత్వం పోతుంది. కులం ప్రస్తావన విషయంలోనూ ఇంతే. సంఘటనకు కులంతో సంబంధం ఉందని ఆధారం ఉంటే దాచకూడదు. లేనిచోట అంటగట్టకూడదు.

5. అంకెలు, దృశ్యాలు

20 మందికి పైగా పోలీసులు గాయపడ్డారని అప్పటి హోంమంత్రి తానేటి వనిత చెప్పారు. ఈ అంకెను వాడేటప్పుడు చెప్పింది ఎవరో కూడా రాయాలి. లాఠీచార్జిలో దెబ్బలు తిన్న నిరసనకారుల లెక్క ఇందులో లేదు. కేసుకు భయపడి ఆసుపత్రికి వెళ్లనివారు ఏ లెక్కలోకీ రారు. ప్రతి అంకె వెనుక లెక్కించినవారు ఉంటారు, లెక్కకు అందనివారూ ఉంటారు.

1948 హైదరాబాద్ పోలీసు చర్య తరువాత జరిగిన హింసపై పండిత్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దీనికి మంచి ఉదాహరణ. మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఒకే అంకె చెప్పకుండా రెండు హద్దులు చెప్పడం బలహీనత కాదు, నిజాయితీ. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. అధికారికంగా లెక్క బయటపెట్టని చోట పుకార్లు లెక్కలు కడతాయి.

ఫోన్‌లో తీసిన దృశ్యాలకూ ఇదే పరీక్ష. ఇంటర్నెట్ ఆగిన రోజుల్లో తీసిన వీడియో ఆ తరువాత ఎప్పుడో బయటికి వస్తుంది. కాబట్టి అది వ్యాపించిన తేదీని తీసిన తేదీగా పొరబడకూడదు. వాట్సాప్‌లో చేతులు మారిన వీడియోకు ఎక్కడ, ఎప్పుడు తీశారన్న సాంకేతిక వివరాలు సాధారణంగా మిగలవు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ కలిసి 2020లో రూపొందించిన ‘బర్క్‌లీ ప్రోటోకాల్’ ఇటువంటి డిజిటల్ ఆధారాలను ఎలా భద్రపరచాలో, ఎలా సరిచూడాలో చెబుతుంది.

6. తీర్పు వేరు, చరిత్ర వేరు

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులు హత్యకు గురయ్యారు. విచారణకు ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. నేరాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది హైకోర్టు అభిప్రాయం. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

హైకోర్టు తీర్పుతో ఆ 8 మంది హత్యలు జరగనివి కాలేదు. ఫలానా వ్యక్తులు ఫలానా నేరం చేశారని సందేహానికి తావులేకుండా తేలిందా అన్నదే న్యాయస్థానం ముందున్న ప్రశ్న. చరిత్రకారుడి ప్రశ్న అంతకంటే విశాలమైనది. అయినా శిక్ష రద్దైన వ్యక్తిని దోషి అని రాసే హక్కు చరిత్రకారుడికి లేదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి గుర్తుంచుకోవాలి.

అమలాపురం విషయంలో ఈ అంశం ఇంకా ముఖ్యం. 2023లో ఆ కేసులను ఉపసంహరించుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. వర్గాల మధ్య సఖ్యత కోసమే అన్నది చెప్పిన కారణం. విచారణ పూర్తిగా జరగని చోట సాక్షుల వాంగ్మూలం న్యాయస్థానంలో ప్రశ్నలను ఎదుర్కోదు. ఇక మిగిలేవి పత్రికలు, ఫోటోలు, మనుషుల జ్ఞాపకాలు. వాటిని సేకరించి సరిచూసేవారు లేకపోతే, రేపు ఎవరి గొంతు పెద్దదైతే వారి కథే చరిత్రగా చలామణి అవుతుంది.

7. నిష్పాక్షికత అంటే

నిష్పాక్షికత అంటే రెండు పక్షాలకూ చెరిసగం తప్పు పంచడం కాదు. రెండు పక్షాల మాటలకూ ఒకే కొలత పెట్టడం. మనకు నచ్చిన సాక్షిని కూడా ‘మీరు స్వయంగా చూశారా, విన్నారా? ఎంత దూరం నుంచి? ఏ సమయంలో?’ అని అడగాలి. ఇల్లు తగలబడిన కుటుంబాన్ని, లాఠీ దెబ్బ తిన్న యువకుడిని, రాయి తగిలిన కానిస్టేబుల్‌ను ఒకే శ్రద్ధతో వినాలి. విన్నది రాసేటప్పుడు తేదీ, చోటు వేయాలి. సాక్షికి ముప్పు ఉందనుకుంటే పేరు బయటపెట్టకూడదు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో కలిసి బతకవలసిన మనుషుల గురించి రాస్తున్నామన్న స్పృహ ఉండాలి.

8. సారాంశం

హింసను నమోదు చేయడంలో మొదటి మెట్టు జరిగినదాన్ని, చేసినవారిని, చేయించారన్న ఆరోపణను వేరుచేయడం. మాటలను చట్టానికి, ఆధారానికి తగినట్టు ఎంచుకోవాలి. అంకెతో పాటు దాని మూలాన్నీ రాయాలి. న్యాయస్థానం తేల్చని చోట జాగ్రత్తగా రాసిన రికార్డు విలువ మరింత పెరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘ఏం జరిగింది’, ‘ఎవరు చేయించారు’ అన్న ప్రశ్నలకు కావలసిన రుజువులలో తేడా ఏమిటి?
2. చుండూరు కేసు ఆధారంగా తీర్పుకు, చరిత్రకు ఉన్న సంబంధాన్ని చర్చించండి.
3. మీ ప్రాంతంలో జరిగిన ఒక ఘర్షణ గురించి వేర్వేరు పక్షాలకు చెందిన ఇద్దరితో మాట్లాడండి. ఇద్దరూ ఒప్పుకున్న విషయాలను, విభేదించిన విషయాలను పేర్లు లేకుండా రెండు పట్టికలుగా రాయండి.