జుట్టు నాటిన తరువాత తల చర్మం: గరుకుదనం, గుంటలు, మచ్చలు

జుట్టు మార్పిడి చేయించుకొని ఇంటికి వచ్చినవారు తొలి వారాలలో తలపై చేయి పెట్టగానే కలవరపడుతుంటారు. చర్మం ఇసుక చల్లినట్లు గరుకుగా, కొన్నిచోట్ల బొడిపెలుగా తగులుతుంది. ఇందులో చాలా భాగం గాయం మానే క్రమంలో వచ్చి పోయేదే. మానకుండా నిలిచిపోయేవి కొన్ని ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా తెలియక కొందరు అనవసరంగా బెంగపడుతున్నారు, మరికొందరు చూపించుకోవలసిన సమయాన్ని చేజార్చుకొంటున్నారు.

ఈ శస్త్రచికిత్సలో తల వెనుక భాగం నుండి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి, బట్టతల భాగంలో సన్నని గాట్లు పెట్టి నాటుతారు. ఒక్కొక్క కుదురులో 1 నుండి 4 వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటిగా తీసే పద్ధతిలో 2000 కుదుళ్లు నాటారంటే ముందు భాగంలో 2000, వెనుక భాగంలో దాదాపు అన్నే చిన్న గాయాలు అయినట్లే. ఇన్ని గాయాలు మానుతున్న చర్మం కొంతకాలం నునుపుగా ఉండదు.

మొదటి రెండు మూడు రోజులలో ప్రతి గాటుపై పక్కు కడుతుంది. (పుండు మీది ఈ పక్కును తమిళంలోనూ పక్కు అనే అంటారు, కన్నడంలో హక్కళె.) నుదురు, కనురెప్పలు వాయడం కూడా ఈ రోజులలోనే కనిపించి, వారంలోగా తగ్గుతుంది. వైద్యుడు చెప్పిన రోజు నుండి, చెప్పిన విధంగా మృదువుగా కడుగుతూ ఉంటే 7 నుండి 10 రోజులలో పక్కులు వాటంతట అవే రాలిపోతాయి. అంతకు ముందే గోటితో గిల్లితే పక్కుతోపాటు నాటిన కుదురు ఊడివచ్చే ప్రమాదం ఉంది. దురద భరించలేనిదైతే మందు అడగాలి, గోకరాదు.

రెండవ వారం తరువాత నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. డబ్బంతా వృథా అయిందని ఇంటిల్లిపాదీ దిగులుపడేది ఇప్పుడే. రాలేది పైవెంట్రుక మాత్రమే. కుదురు లోపలే ఉండి, 3 లేక 4 నెలలకు మళ్లీ మొలకెత్తుతుంది. ఈ నెలలలో చర్మం కొంత ఎర్రగా, చామనఛాయ వారికైతే నల్లబారినట్లుగా కనిపించవచ్చు. తాకితే తిమ్మిరిగా ఉండవచ్చు. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకొని వచ్చేటప్పుడు మొటిమల వంటి పొక్కులు లేస్తాయి. అక్కడొకటి ఇక్కడొకటి వచ్చి తగ్గిపోతుంటే భయం లేదు. గుంపులుగా వచ్చి, నొప్పిపెడుతూ, చీము కారుతుంటే వైద్యునికి చూపించాలి.

ఇక నిలిచిపోయే లోపాల సంగతి. అమెరికా చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950లలో ఈ చికిత్సను ప్రచారంలోకి తెచ్చినప్పుడు సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు గల చర్మపు ముక్కలను నాటేవారు. అందువలన తలపై గులకరాళ్లు పరచినట్లు ఎత్తుపల్లాలు మిగిలేవి. నేడు కుదుళ్లను తీసే గొట్టం వెడల్పు సుమారు 1 మిల్లీమీటరే కావున ఆ లోపం అరుదైంది, పూర్తిగా పోలేదు. కుదురును మరీ లోతుగా నాటితే వెంట్రుక మొదట గుంట పడుతుంది. మరీ పైపైన నాటితే బొడిపె నిలుస్తుంది. చర్మం ఏడాది వరకు సర్దుకొంటూనే ఉంటుంది కావున ముందే తీర్పు చెప్పలేము. ఏడాది దాటినా అలాగే ఉంటే ఏ నూనె వలనా మారదు. ఆ కుదుళ్లను తీసివేయడం, వాటి ముందు సన్నని వెంట్రుకలు నాటి కప్పివేయడం వంటి దిద్దుబాట్లే ఉన్నాయి.

వెనుక భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్కొక్క కుదురునూ విడిగా తీసిన చోట తెల్లని చుక్కలు, చర్మాన్ని పట్టీగా కోసి తీసిన చోట గీత వంటి మచ్చ శాశ్వతంగా ఉంటాయి. జుట్టు పెరిగితే కనిపించవు. చెవులు కుట్టించుకొన్నచోట గాని, పాత గాయంపైన గాని గడ్డలా ఉబ్బిన మచ్చ ఉన్నవారు ఆ సంగతిని శస్త్రచికిత్సకు ముందే చెప్పి తీరాలి.

నాటిన చోట చర్మం ఊదారంగుకు తిరిగి నల్లబడటం, నొప్పి రోజురోజుకూ పెరగడం, చీము, జ్వరం—వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి. రక్తప్రసారం అందక చర్మం చచ్చిపోవడం అరుదే. బీడీ, సిగరెట్ తాగేవారికి, మధుమేహం ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ.

మన ఇళ్లలో గాయమంటే పసుపు, తల అంటే ఆముదం. మానుతున్న తలకు ఇవి రెండూ వద్దు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ లేపనాలు మరీ ప్రమాదం. వైద్యుడు చెప్పకుండా వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది. గడ్డిమోపు, తట్ట నెత్తికెత్తుకోవడం, తలగుడ్డ బిగించి చుట్టడం, హెల్మెట్ వంటివి వైద్యుడు అనుమతించేవరకు మానుకోవాలి. ఎండ తగిలితే నల్లమచ్చలు ముదురుతాయి కావున పొలం పని ఉన్నవారు పని తీరిక కాలంలో ఈ చికిత్సకు వెళ్లడం మేలు.

సరిహద్దు గ్రామాలవారు బెంగళూరులోనో చెన్నైలోనో చికిత్స చేయించుకొని, ఏదైనా వస్తే దగ్గరి పట్నంలో వేరే వైద్యునికి చూపిస్తుంటారు. ఆ వైద్యునికి ఆధారం ఉండాలి. ఏ పద్ధతి, ఎన్ని కుదుళ్లు, ఏ మందులు అన్నది రాసిన కాగితాన్ని అడిగి తెచ్చుకోవాలి. వారానికొకసారి ఒకే చోట, పగటి వెలుగులో ఫోటో తీసి ఉంచితే మార్పు తెలుస్తుంది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన నమోదిత వైద్యులే ఈ పని చేయాలి. యూట్యూబులో చూసి నేర్చినది శిక్షణగా చెల్లదు. చేసేది ఎవరో, వారి అర్హత ఏమిటో బయానా కట్టకముందే అడగవచ్చు.

తిరుమల తలనీలాల మొక్కు ఉన్నవారికి ఒక మాట. గుండు గీయిస్తే కుదుళ్లు పోవు. అయితే మానని చర్మంపై మంగలికత్తి పడరాదు. కొన్ని నెలలు ఆగి, వైద్యుని అడిగి వెళ్లాలి. గుండుపై వెనుకనున్న చుక్కలు, గీత స్పష్టంగా కనిపిస్తాయి. మొక్కు దగ్గరలో ఉంటే ముందు అది తీర్చుకొని, జుట్టు పెరిగిన తరువాత చికిత్సకు వెళ్లడం సులువైన మార్గం.