చాపకూడు నుండి కల్లుపాక వరకు

నాగార్జునకొండ త్రవ్వకములలో, రాజప్రాసాదము ఉండిన తావని పండితులు గుర్తించిన చోట, శిల్పములు చెక్కిన రాతికంబములు కొన్ని దొరకినవి. వానిలో ఒకదానిపై గడ్డముగల పురుషుడొకడు నిలిచియున్నాడు. నడుముపైన వస్త్రము లేదు. చేతిలో కొమ్ముతో చేసిన పానపాత్ర, ప్రక్కనే మద్యభాండము. ఇతడు యవనుల మద్యదేవతయైన డయోనిససు అని శిల్పవేత్తలు చెప్పిరి. క్రీస్తుశకము 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురికి రోము వర్తకుల రాకపోకలతోపాటు వారి దేవతయు, వారి పానపాత్రయు వచ్చిచేరినవన్నమాట.

ఆ లోయలోనే బౌద్ధవిహారములు వెలసినవి. మత్తు పదార్థములను విడుచుట పంచశీలములలో ఐదవది. ఒక వైపున భిక్షువుల భోజనశాలలు, మరొక వైపున కొమ్ముపాత్ర పట్టిన పరదేశపు దేవత. ఒకే నగరము ఈ రెంటిని భరించినది. 1954 మొదలు 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు సాగిన పిమ్మట ఆ లోయ నాగార్జునసాగర జలములలో మునిగిపోయినది. మద్యము మంచిదా, చెడ్డదా అను ప్రశ్న పలనాటికి నిన్న మొన్న పుట్టినది కాదని చెప్పుటకే ఈ కంబమును మొదట ప్రస్తావించితిమి. కాని మేము ఇచట విచారింపదలచినది ఆ ప్రశ్నను కాదు. నలుగురు చేరి తిని త్రాగు తావులలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి? వారు చెల్లించిన రూక తుదకు ఎవరి చేతికి పోయినది? ఈ రెండు సంగతులను పట్టుకొని నడచినచో, రాజుల కథలలో కానరాని చరిత్ర కొంత తేటపడును.

మొదటి ప్రశ్నకు పలనాడు ఇచ్చిన సమాధానము చాపకూడు. 12వ శతాబ్ది చివరి భాగమున గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు ఏలుచుండిరి. నలగామునికి నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. దాయాదుల వైరము కారెంపూడి రణభూమిలో ముగిసినది. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వీరగాథ చెప్పుచున్నది. మాలకులమున పుట్టిన కన్నమదాసు అతని సేనలకు నాయకుడు. కథకును చరిత్రకును నడుమ గల ఎడము ఎంతయైనను కావచ్చును. ఆ గాథను తరతరములుగా పాడుచు వచ్చిన వీరవిద్యావంతులు చాపకూడును మాత్రము మరువనీయలేదు. నేటికిని కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో జరుగు వీరారాధనోత్సవమున, మందపోరు నాడు చాపకూడు జరుగును. ఆ చాపపై కూర్చుండుటకు వెల లేదు; కులమడుగువారు లేరు.

ఆ చాపపై వడ్డించిన అన్నము ఏది? పలనాడు నాపరాతి నేల, మెట్టపైరుల సీమ. జొన్న, సజ్జ ఇచటి కూడు. సన్నబియ్యమునకు అలవాటుపడిన శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి, రసికులకు ఇది తగిన చోటు కాదని, మన్మథుడు వచ్చినను జొన్నకూడే తినవలెనని పరిహసించినట్లు చెప్పు చాటువు తెలుగువారందరికిని తెలిసినదే. అదే శ్రీనాథుని పేర పలనాటి వీరచరిత్ర ద్విపదగా నిలిచియున్నది. కూటిని ఎగతాళి చేసిన కవి, ఆ కూడు తిన్న వీరులను కీర్తింపక పోలేకపోయెను. జొన్నసంకటి, గోంగూర, ఒక పచ్చిమిరపకాయ అను నేటి భోజనమునందలి మిరప మాత్రము పోర్చుగీసువారు వచ్చిన తరువాతిది; బ్రహ్మనాయుని కాలమున కారమునకు మిరియమే దిక్కు.

వెల చెల్లించి తిను తావు ఎట్లుండెడిదో తెలుపు గ్రంథము కూడ ఈ సీమవాని పేరనే వెలసినది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమున గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు ఓరుగంటి వీథులలో విహరింతురు. ఇందులో శ్రీనాథుని చేయి కలదని వాదించిన పండితులు లేకపోలేదు. ఆ నగరమున లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి వర్ణించెను. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఈ జాబితాను సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో చరిత్రకు ఆధారముగా స్వీకరించిరి. ఆ వీథులలోనే ఒక పడుచు జంత్రము వాయించుచు పలనాటి వీరుల గాథను పాడగా జనులు ఆవేశముతో ఊగిపోయిరట. రూకకు భోజనము, రూక లేకయే వీరగాథ: రెండును ఒకే నగరమున దొరకినవి.

ఈ పూటకూటి ఇంటిలో రూక చెల్లినది. కాని కులము అడుగబడకపోలేదు. పూటకూటి ఇండ్లు ఆయా కులములవారికి వేరువేరుగా ఉండుట తరువాతి కాలమునకు బాగుగా తెలిసిన ఆచారము. చాపకూడులో కూర్చుండిన కన్నమదాసునకు బ్రాహ్మణుని పూటకూటి ఇంట పీట దొరకెడిది కాదు. అయినను ఆ ఇంటికి ఒక మేలు కలదు. దిక్కులేని వితంతువులకు అది జీవనాధారమయ్యెను. గురజాడ కన్యాశుల్కమునందలి పూటకూళ్ళమ్మను తలచుకొన్న చాలును. వంటచేతితో సంపాదించిన రూక ఆమె చేతిలోనే ఉండెడిది.

ఇక కల్లుపాకను చూతము. తాటిచెట్టు వేసవికి, ఈతచెట్టు చలికాలమునకు కల్లునిచ్చును. గీతవృత్తివాడు మోకు బిగించి చెట్టెక్కి, గెలను పదునైన కత్తితో పొరలు పొరలుగా గీసి, దానికి లొట్టి కట్టి దిగును. దినమునకు రెండు సారులైనను ఎక్కవలెను. ఒక్క దినము మానినచో గాటు ఎండి ధార ఆగిపోవును. కారిన రసము మొదట తియ్యగా నుండును. లొట్టిలోపల సున్నము పూసినచో ఆ తీపి నిలుచును. దానినే నీరా అందుము. సున్నము లేనిచో గాలిలోని మధుశిలీంధ్రములు కొన్ని గంటలలోనే దానిని పులియజేయును. పులిసిన కల్లునందలి మత్తు మామూలు బీరునకు దాపుగా ఉండును. మరునాటికది పుల్లనై త్రాగుటకు పనికిరాదు.

కల్లు నిలువయుండదు, దూరము పోదు. ఈ ఒక్క గుణమే కల్లుపాక స్వభావమును నిర్ణయించినది. చెట్టు దగ్గరనే పాక ఉండవలెను. గీచినవాడును త్రాగువాడును ఒకరినొకరు ఎరిగినవారై ఉండవలెను. తాటాకు దొప్పలో పోసిన కల్లు, ఉడికించిన గుగ్గిళ్ళు, ఎండుచేప, కారము దట్టించిన వేపుడు, పొలముపని ముగించి వచ్చినవారి కబుర్లు — ఇవి పాకకు అంగములు. నంజుకొను పదార్థమునకు నంజు అను పేరును, మాంసమునకు నంజుడు అను పేరును మన పాతమాటలే. త్రాగుడునకు తోడు తిండి ఉండవలెనను ఎరుక ఈ మాటలు వాడుకొన్నవారికి ఉండెను.

ఇట్టి తావులలో కులపుకట్టు కొంత సడలెడిదని గురజాడయే సాక్ష్యమిచ్చెను. 1909లో వెలువడిన కన్యాశుల్కపు రెండవ కూర్పున సారాదుకాణపు రంగమొకటి కలదు. బైరాగి, హెడ్డు కనిస్టీబు, దుకాణదారు, శైవుడు, వైష్ణవుడు ఒకచోట చేరి వేదాంతము మాటలాడుదురు. నవ్వు పుట్టించు రంగమే. కాని ఊరిలో మరెక్కడను ఒకచోట కూర్చుండనివారు అచట కూర్చుండిరి. 

గురజాడ పాకను వ్రాయక దుకాణమును వ్రాయుటకు కారణము కలదు. 1886 నాటి మదరాసు అబ్కారీ చట్టముతో త్రాగుడు ప్రభుత్వపు పద్దులోనికి పూర్తిగా ఎక్కెను. గీచు చెట్టునకు పన్ను, అమ్ము దుకాణమునకు వేలము. భూమిశిస్తు తరువాత రాజధాని ఖజానాకు పెద్ద రాబడి అబ్కారీయే అయ్యెను. వేలమున హెచ్చుపాట పాడినవాడు ఆ సొమ్మును త్రాగువారినుండి రాబట్టుకొనవలెను. నిలువయుండని కల్లుకంటె, బట్టీలో దిగి పీపాలకెక్కి ఎంత దూరమైనను పోగల సారా వానికి లాభకరము. సారా త్రాగుటకు గోష్ఠి అక్కరలేదు, గుగ్గిళ్ళు అక్కరలేదు. నిలుచుండి గుటకవేసి పోవచ్చును. కూలిడబ్బులు ఇల్లు చేరకముందే కరగిపోవుట ఇక్కడ మొదలైనది.

కనుకనే 1921లో సహాయనిరాకరణోద్యమము సాగినపుడు కల్లు, సారా దుకాణముల బహిష్కారము స్వరాజ్యపు కార్యక్రమములో చేరినది. ఆ ఏడే పలనాటి రైతులు అడవిలో పశువుల మేతకు విధించిన పుల్లరిని ధిక్కరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను. పుల్లరికిని అబ్కారీకిని చట్టములు వేరు. పల్లెవానికి మాత్రము రెండును ఒకటే. తన ఊరి గడ్డికి సుంకము, తన ఊరి చెట్టునకు సుంకము.

మద్యనిషేధము 1937 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో ప్రారంభించినది. 1948 అక్టోబరు 2 నాటికి మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా, నిషేధమువలన పనిపోయిన గీతవృత్తివారి గోడు, ఖజానా లోటు, దొంగసారా అను మూడును క్రొత్త ప్రభుత్వమును చుట్టుముట్టినవి. నిషేధము ఫలింపలేదు, ఎత్తివేయవలసినదని రామమూర్తి సంఘము నివేదించినది. ఆ వివాదముననే 1954 నవంబరు 6న ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. తుదకు 1969లో, నరసరావుపేట ప్రాంతమువారైన కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా, నిషేధము తొలగినది.

తొలగిన పిమ్మట తిరిగి వచ్చినది పాత కల్లుపాక కాదు. 1980లలో ప్రభుత్వమే సారాను పొట్లములలో నింపించి వారుణివాహిని పేర పల్లెలకు పంపినది. లొట్టి, దొప్ప, గుగ్గిళ్ళు అన్నియు పోయి పొట్లము మిగిలినది. అంతవరకు ఏ గోష్ఠిలోను చోటులేని స్త్రీలు అప్పుడు మాటలాడిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దుకాణము మూయించిరి; ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకినది. 1993 అక్టోబరులో సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలినది. 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణములు నడుపబూనినది. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి వచ్చినవి. చేతులు ఎన్ని మారినను ఖజానా ఆశ మారలేదు.

ఈలోగా పలనాటి కూడును మారినది. 1967లో సాగరపు కుడికాలువకు నీరు వదలిన పిమ్మట జొన్నచేలు వరిమళ్ళయినవి. శ్రీనాథుడు కోరిన సన్నబియ్యము గురజాలలోను దొరకుచున్నది. ఆయన నవ్విన జొన్నరొట్టె పట్టణపు హోటళ్ళలో ప్రియమైనది. పల్లె కాఫీహోటళ్ళలో హరిజనులకు వేరు గ్లాసు పెట్టిన రోజులు ఈ క్రొత్త అన్నముతోపాటు వెంటనే పోలేదు. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము తరువాతను ఆ రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము నిలిచినది. గత పదేండ్లుగా హైదరాబాదులో, అచటనే బీరు కాచి, అచటనే వంటకములతో వడ్డించు చిన్న మద్యశాలలు వెలసినవి. చేతి తయారీ, తాజాదనము, తోడుగా తిండి, నలుగురి మాట అని వారు చెప్పుకొను గుణములన్నియు తాటిచెట్టు క్రింది పాకకు ఉండినవే. ఆ పాకను నాటు అని చిన్నచూపు చూచిన కన్నులకే ఇది నాగరకముగా తోచుట విచిత్రము. అచట ఒక గ్లాసునకు చెల్లించు సొమ్ముతో గీతకార్మికుని ఇంట ఎన్ని పూటలు గడచునో లెక్కించువారు అరుదు.

త్రాగుమని గాని, మానుమని గాని చెప్పుట మా ఉద్దేశము కాదు. చరిత్ర చూపినది ఇంతమాత్రమే. తిండి తోడుగా, ముఖపరిచయముతో, ఊరి చేతిపనిపై నిలిచినంతకాలము ఆ తావు మనుష్యులను దగ్గరకు చేర్చినది. వేలమునకు, ఖజానాకు లోబడిన నాటినుండి అది ఇంటి కుండను ఖాళీచేసినది. మంచి మద్యశాల ఏది, మంచి భోజనశాల ఏది అని ఎవరైన అడిగినచో రెండు ప్రశ్నలు వేసిచూడవలెను. వాకిట నిలిచిన కన్నమదాసును లోనికి పిలుతురా? త్రాగి ఇల్లు చేరినవాని భార్య చేతిలో ఆ పూట గింజలకు డబ్బు మిగులునా? ఈ రెంటికిని ఔనని చెప్పగలిగినది, బ్రహ్మనాయుడు పరచిన ఆ వెలలేని చాప.