వార్ధక్యమునకొక ఇల్లు

పురుషుని ప్రేమించిన పురుషుల చరిత్ర వ్రాసినవారు సాధారణముగ యౌవనమును గూర్చియో, న్యాయస్థానములను గూర్చియో వ్రాసిరి. 1895లో ఆస్కార్ వైల్డునకు విధింపబడిన రెండేండ్ల కఠినశిక్ష ఎల్లరెరిగినదే. కాని అట్టివారు ముదిమిలో ఎవరి పంచన నుండిరి, మంచము పట్టిననాడు వారికి గంజి కాచి యిచ్చినదెవరు అను ప్రశ్నలు ఆ గ్రంథములందు అరుదు. తల నెరసిన నాకు ఇప్పుడు ఆసక్తి గొల్పునవి ఆ ప్రశ్నలే.

ఇంగ్లండున 1885 నాటి శాసనము, నాలుగు గోడల నడుమ జరిగినను సరే, పురుషుల అన్యోన్యతను నేరముగ నెంచెను. ఆ శాసనపు నీడలోనే ఎడ్వర్డ్ కార్పెంటరను మాజీ మతాచార్యుడు, తండ్రి విడిచిపోయిన ధనముతో డెర్బీషైరు నందలి మిల్‌థార్ప్ పల్లెలో ఏడెకరముల నేల కొని, కూరగాయలు పండించుచు, కాశ్మీరమునుండి మిత్రుడొకడు పంపిన జత నమూనాగా చెప్పులు కుట్టుచు, 1890లో సింహళమునకును పిదప మన దేశమునకును వచ్చిపోయి, షెఫీల్డు పేదవాడలలో పెరిగిన జార్జి మెరిల్‌తో 1898 మొదలు ఒకే యింట కాపురముండెను. తండ్రి సొమ్ము లేనిచో ఈ ధైర్యము ఎంతకాలము నిలిచెడిదో చెప్పజాలను; వంటయు ఇంటిపనియు మెరిల్ చేతిలోనే యుండుటచే, చూపరులకు వారు దొరయు పనివాడును అని తోచుటకు వీలుండెననియు మరువరాదు. లోకము ఆ వంకను అంగీకరించుట వారి భాగ్యమేమో! ఇరువురును 1922లో గిల్‌ఫర్డునకు తరలిరి. వయస్సున ఇరువది రెండేండ్లు చిన్నవాడగు మెరిల్ 1928 జనవరిలో ముందుగ గతించెను. ఎనుబదిమూడేండ్ల కార్పెంటరు కొలది నెలలకే పక్షవాతమునకు లోనై, 1929 జూన్ 28న మరణింపగా, మెరిల్ సమాధిలోనే అతనిని ఉంచిరి.

1913లో మిల్‌థార్ప్ గృహమును దర్శించిన ఆంగ్ల నవలాకారుడు ఇ. ఎం. ఫోర్‌స్టరునకు అట్టి వార్ధక్యము లభింపలేదు. ఆ దర్శనముచే ప్రేరితుడై 'మారిస్' నవలను వ్రాసి, ప్రేమికులిరువురను సుఖముగ నుంచియే కథ ముగించెను గాని, ఆ ప్రతిని ఆప్తమిత్రులకు మాత్రమే చూపి దాచుకొనెను. అతడు యౌవనమున గాఢముగ ప్రేమించిన సయ్యద్ రాస్ మసూద్, తిరిగి స్నేహమునే యీయగలిగిన ఉదారుడు, 1916 నుండి నిజాము రాజ్యమున విద్యాశాఖాధిపతిగ నుండెను. 1921లో దేవాసు సంస్థానపు కొలువు విడిచిన ఫోర్‌స్టరు హైదరాబాదునకు వచ్చి ఆ మిత్రుని చూచెను. మన ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలినాళ్ళ చరిత్రతో పెనవేసికొన్న మసూద్ పేరు, 1924లో వెలువడిన 'ఎ పాసేజ్ టు ఇండియా' అంకితపత్రమునను కలదు. ఆ పిదప నలుబదియారేండ్లు జీవించియు ఫోర్‌స్టరు మరియొక నవలను ప్రకటింపలేదు.

అరువదియారేండ్ల వయస్సువరకు అతనికి ఇల్లనగా తల్లి యిల్లే. 1945లో ఆమె మరణించిన పిదప కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాల ఒక గది నిచ్చి ఆదరించెను. 1930లో పరిచితుడై జీవితాంతము ఆత్మీయుడుగ నిలిచిన బాబ్ బకింగ్‌హాం పోలీసు ఉద్యోగి, వివాహితుడు. మే అను అతని భార్యను మొదట ఈర్ష్యతో చూచిన ఫోర్‌స్టరు, తుదకు ఆమె పరిచర్యలోనే 1970 జూన్ 7న వారి కోవెంట్రీ గృహమున కన్ను మూసెను. ఈ ముగ్గురి బంధమునకు పేరు పెట్టబూనువారు తొందరపడకుందురు గాక.

1957లో ఇంగ్లండున వుల్ఫెండెన్ సంఘము పురుషుల అన్యోన్యత నేరము కారాదని సిఫారసు చేయగా, పదేండ్లు జాగుచేసి 1967లో పార్లమెంటు ఆ నేరమును, ఇరువదియొకటి నిండినవారికి ఏకాంతమున మాత్రమే, తొలగించెను. అప్పటికి ఫోర్‌స్టరునకు ఎనుబదియెనిమిదేండ్లు. 'మారిస్' అచ్చు చూచినది 1971లో.

ఇంగ్లీషువారు 1860లో మనకు కట్టబెట్టిన, ఇట్టి అన్యోన్యతను నేరముగ నెంచిన శిక్షాస్మృతి 377వ సెక్షను పట్టు సడలుటకు 2018 సెప్టెంబరు 6 రావలసివచ్చెను. హైదరాబాదు నివాసులగు ఇరువురు యువకులు తమ వివాహమునకు గుర్తింపు కోరి తెచ్చిన వ్యాజ్యమును 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. మరుసటియేట ఆగస్టులో, ఇట్టి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగ వ్రాసికొనుటకును అడ్డు లేదని కేంద్ర ఆర్థికశాఖ స్పష్టపరచెను. యువకులు దీనిని చిన్న విషయమనుకొనవచ్చును. నా యీడువారు మాత్రము పాసుపుస్తకములు వెదకి తీసికొనిరి.