టర్బో తారీఖ్: ఒక లట్టూ, ఒక ఐబ్

పోయిన జుమా నాడు నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మా భాంజా పట్టుకున్నాడు. "మామూ, ఒక పాత టర్బో హ్యాచ్‌బ్యాక్ చూసొచ్చాను. ఏం లాగుతుందో! తీసుకోమంటారా?" వాడికి ఇరవై ఆరేళ్లు. షౌక్ వయసు. వద్దంటే వినడు. తీసుకోమంటే, రేపు కారు రోడ్డు మీద ఆగిపోయిన రోజున మా ఆపా నన్ను నిలదీస్తుంది. అందుకని వాడిని ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి తారీఖ్ చెప్పాను.

తారీఖ్ అంటే బాద్షాలు, జంగ్‌లే అనుకుంటాం. యంత్రాలకూ ఖాందాన్ ఉంటుంది. అది విచారించకుండా పాత యంత్రం కొనడమంటే, ఇంటి గురించి అడగకుండా రిష్తా ఖాయం చేసుకోవడమే.

'టర్బో' అసలు లాటిన్ మాట. సుడిగాలి, బొంగరం అని అర్థం. మన చిన్నప్పటి లట్టూ అన్నమాట. ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనం మండుతుంది, తాకత్ పెరుగుతుంది. వృథాగా పోయే పొగతో పని చేయించుకోవాలన్న ఈ ఖయాల్‌కు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అది కుదురుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో ఓడల డీజిల్ ఇంజిన్లకు ఎక్కింది.

కార్లలోకి 1962లో అమెరికాలో వచ్చింది. అప్పటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ నాకు చాలా ఇష్టం. దాని ఇంజిన్ వేడికి తట్టుకోవడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ఒక ద్రవాన్ని వేరే డబ్బాలో పోస్తూ ఉండాలి. జనం పోయడం మరిచిపోయారు. ఫిర్యాదులు పెరిగాయి. చివరికి చాలా కార్లకు టర్బోనే పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించారు. తాకత్ అందరికీ కావాలి, దాని ఖిద్మత్ మాత్రం ఎవరికీ వద్దు!

1973లో జర్మనీలో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. అదే ఏడాది అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పెట్రోలు తాగే కారును కొనేదెవరు? 1,700 కూడా తయారు కాలేదు.

ఇక హాట్ హ్యాచ్. ఇంటి కారులో గట్టి ఇంజిన్ పెట్టడం. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 110 గుర్రాల బలంతో బజారులోకి వచ్చింది. 5,000 అమ్మితే చాలనుకున్నారు. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. దానికి టర్బో లేదు. 1980లో రెనో 5 టర్బో వచ్చినా, అది ర్యాలీల కోసం వెనక సీటు చోట ఇంజిన్ పెట్టిన కారు. 1985లో వచ్చిన రెనో 5 జీటీ టర్బోతో ఆ లట్టూ మామూలు ఇళ్ల ముందుకు చేరింది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్లిపోయింది. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 105 గుర్రాలు. 2015లో ఫియట్ అబార్త్ పుంటో, 145 గుర్రాలు. 2017లో బలేనో ఆర్‌ఎస్. 2018లో కోయంబత్తూర్ వాళ్లతో కలిసి టాటా చేసిన టియాగో జేటీపీ. కొన్నిటిని అమ్మకాలు లేక ఆపేశారు, కొన్ని 2020 ఏప్రిల్ నాటి బీఎస్6 నిబంధనల దగ్గర ఆగిపోయాయి. పోలో 2022 దాకా నిలిచింది. అంటే ఈ షౌక్ ఉన్నవాడికి ఇవాళ ఎక్కువగా దిక్కు సెకండ్‌హ్యాండ్ బజారే.

నేనూ ఒకసారి ఆ బజారులో పడ్డాను. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాదు. అమ్మిన మనిషి తెలిసినవాడే. సూద్‌తో పని లేకుండా, దాచుకున్న డబ్బంతా పోసి కొన్నాను. మర్నాడు ఫజర్ తర్వాత స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ. పాతబస్తీలోని మా ఉస్తాద్ పైపు విప్పి చూస్తే లోపలంతా ఆయిల్. టర్బో ఇరుసును వేలితో కదిపి చూపించాడు. ఊగుతోంది.

"భాయ్, ఇది నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే లట్టూ. సన్నటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఒక పక్క నిప్పులాంటి పొగ. ఆయిల్ పాతదైతే మాడి గడ్డకడుతుంది. హైవే మీద దౌడాయించి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేసినా అంతే. ఒక నిమిషం ఊరికే నడవనివ్వాలి. పొద్దున స్టార్ట్ చెయ్యగానే రేజ్ చెయ్యకూడదు. కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఆయిల్ మార్చాలి." ఇదీ ఆయన తాలీమ్. కొత్త టర్బోకు ఎంతైందో అమ్మీజాన్‌కు ఇప్పటికీ చెప్పలేదు.

అమ్మినాయనను అడిగితే, "నువ్వు అడగలేదు కదా" అన్నాడు.

మన ఫిఖ్‌లో దీనికి ఖియారె ఐబ్ అని పేరుంది. అమ్మినవాడు దాచిన ఐబ్ తర్వాత బయటపడితే, సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిన హదీస్ మీకు తెలిసిందే. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసింది పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసినవాడు నావాడు కాడు అన్నారు ఆయన.

మూడేళ్ల తర్వాత నా వంతు వచ్చింది. టర్బో బాగానే ఉంది. కానీ రెండు వారాలకోసారి కూలెంట్ తగ్గేది. ఎక్కడ పోతోందో ఉస్తాద్‌కూ దొరకలేదు. కొనడానికి వచ్చిన కుర్రాడికి అది మొదటి కారు. వాడు అడగలేదు. నేను చెప్పలేదు. బయానా తీసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "అడగలేదు కదా" అన్న ఆ మాట నా గొంతులోనే వినిపించింది. ఫజర్ కాగానే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ల అబ్బాను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై వేలు తగ్గించాను. తీసుకెళ్లారు.

ఇదంతా విని మా భాంజా, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు మామూ?" అన్నాడు. సర్వీస్ బిల్లులు అడుగు, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చారో చూడు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ బాకీ ఉందేమో, చలాన్లు ఉన్నాయేమో చూసుకో. ఫారం 29, 30 మీద సంతకాలు కాకుండా మొత్తం డబ్బు ఇవ్వకు. అన్నిటికంటే ముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్లు, బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు. ముందే వేడి చేసి ఉంచారంటే పొగ దాస్తున్నారేమోనని షక్ పడాల్సిందే.

ఆదివారం పొద్దున్నే వెళ్లొచ్చాడు. బానెట్ వెచ్చగా ఉందట. "ఇప్పుడే కడిగించుకొచ్చా" అన్నాడట ఓనరు. కారు చూస్తే దుమ్ముకొట్టుకుని ఉందట.

అల్హందులిల్లాహ్, ఇంకో కారు వెతుకుతున్నాం.