ఎలుగుబంటి వేటకు ఎంత మందు, ఎలాంటి గుండు?

పెన్సిల్వేనియాలో ఉండే మా ఆడపడుచు కొడుకు మొన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. తెల్లటి గుళికలు కాదు, బూడిద రంగు మందుగుండు గుళికలు, అరచేతిలో మూడు. "అత్తయ్యా, నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ కదా, ఎలుగుబంటికి మూడూ వేస్తే మంచిదా, రెండు చాలా?" అని అడిగాడు. అక్కడ అక్టోబరులో మజిల్‌లోడర్ తుపాకులతో నల్ల ఎలుగుబంటిని వేటాడటానికి కొన్ని రోజులు ఇస్తారు. వాడు లైసెన్సు తీసుకున్నాడు, స్నేహితులతో వెళ్తున్నాడు. వేట నాకు నచ్చే విషయం కాదు. కానీ వెళ్లేవాడు ఎలాగూ వెళ్తాడు. సగం తెలిసి వెళ్లడం కంటే పూర్తిగా తెలిసి వెళ్లడం నయం అనిపించి వారం రోజులు చదివాను. అమెరికా, కెనడాల్లో మన పిల్లలు చాలామంది ఇప్పుడు వేటకు వెళ్తున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మజిల్‌లోడర్ అంటే మూతి వైపు నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరే తుపాకి. మన ఊళ్లలో నాటు తుపాకి అనేది ఇదే పద్ధతి. బ్లాక్ పౌడర్‌ను తెలుగులోకి మారిస్తే "నల్లమందు" అవుతుంది, దాంతో మనకు వేరే అర్థం వస్తుంది, అందుకే తుపాకి మందు అందాం. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10, అటూ ఇటూగా. ఇది కాలితే సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. ఆ పొగ, ఆ మసి, ప్రతి కాల్పుకీ గొట్టం తుడవాల్సి రావడం, అన్నీ అందువల్లే.

మూడు గుళికల సంగతి. ఒక్కో గుళిక 50 గ్రెయిన్ల కొలత, కాబట్టి మూడు కలిపితే 150. గ్రెయిన్ అంటే 0.065 గ్రాము. 250 గ్రెయిన్ల గుండు వెనక 100 బదులు 150 వేస్తే మందు 50 శాతం పెరుగుతుంది, వేగం మాత్రం 15 నుంచి 20 శాతమే పెరుగుతుంది. గొట్టం పొడవు ఎంతో అంతే, మిగతా మందు బయట మంటగా పోతుంది. భుజం మీద తగిలే దెబ్బ మాత్రం బాగా పెరుగుతుంది. దెబ్బకు భయపడి కళ్లు మూసుకునేవాడి గుండు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. వాడికి నా మొదటి జవాబు: రెండు చాలు.

రెండో జవాబు అసలు విషయం. ఎలుగుబంటికి మందు కంటే గుండు ముఖ్యం. శీతాకాలానికి ముందు దాని చర్మం కింద కొవ్వు మందంగా పేరుకుంటుంది, పైన దట్టమైన బొచ్చు. చిన్న రంధ్రం పడితే కొవ్వు దాన్ని మూసేస్తుంది, కారిన నెత్తురును బొచ్చు పీల్చేస్తుంది. జింకలా నేల మీద నెత్తుటి చారలు కనిపించవు. గాయపడిన జంతువు పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకయాతన పడి చచ్చిపోవచ్చు, లేదా వెతుక్కుంటూ వెళ్లినవాడికి ఎదురుపడొచ్చు. అందుకే గుండు ఒక పక్క నుంచి దూరి రెండో పక్క నుంచి బయటికి రావాలని అనుభవజ్ఞులు అంటారు. రెండు రంధ్రాలుంటే జాడ దొరుకుతుంది. అలా దూసుకుపోవాలంటే బరువు కావాలి, పగిలి ముక్కలు కాని నిర్మాణం కావాలి.

లెక్క చూడండి. అర అంగుళం గొట్టంలో వాడే గుండ్రటి సీసపు గుండు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. సెకనుకు 550 మీటర్ల వేగంతో బయల్దేరితే దాని శక్తి సుమారు 1,735 జూల్స్. గుండ్రటి వస్తువును గాలి బాగా ఆపుతుంది కాబట్టి 100 గజాలు చేరేసరికి వేగం 300 మీటర్ల దగ్గరికి పడిపోతుంది, శక్తిలో మూడో వంతు కూడా మిగలదు. అదే గొట్టంలో 350 గ్రెయిన్ల కోసు గుండు సెకనుకు 425 మీటర్లతో నిదానంగా బయల్దేరినా, 100 గజాల దగ్గర మూడింట రెండు వంతుల శక్తి నిలుపుకుంటుంది. వేగం చూసి మురిసిపోయేవాళ్లకు ఈ ఒక్క లెక్క చెబితే చాలు.

కాబట్టి నల్ల ఎలుగుబంటికి అర అంగుళం గొట్టంలో 300 నుంచి 350 గ్రెయిన్ల కోసు గుండు గానీ, సాబట్ అనే ప్లాస్టిక్ గిన్నెలో కూర్చున్న గట్టి నిర్మాణపు గుండు గానీ, వెనక 90 నుంచి 100 గ్రెయిన్ల మందు, 100 గజాల లోపు దూరం. ఇది చాలామంది వాడే, సరిపోయే కూర్పు. గుండ్రటి గుండే కావాలన్న పాతకాలపు అభిమానులు .54 తీసుకుని, 50, 60 గజాల లోపలే కాల్చాలి.

ఏ గుండు ఏ తుపాకికి అన్నది గొట్టం లోపలి మెలికను బట్టి ఉంటుంది. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం పొడవాటి గుండుకు, 60, 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది గుండ్రటి గుండుకు. 48 మధ్యే మార్గం, అంటే రెండింటికీ సర్దుకుపోయేది, మన పెద్దల సంబంధాల్లా.

ఇక ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు. ఈ మందును తూకంతో కాదు, కొలపాత్రతో కొలుస్తారు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు తేలిక, 100 గ్రెయిన్ల కొలత నిజంగా 100 గ్రెయిన్లు తూగదు. ఇంట్లో తక్కెడ ఉంది కదా అని తూచి పోస్తే మోతాదు మించిపోతుంది. ట్రిపుల్ సెవెన్ అనేది ఘాటైనది, మామూలు మందు కంటే 15 శాతం తక్కువ కొలవమని తయారీదారే చెబుతాడు. ఆధునిక రైఫిల్ తూటాల్లోని పొగరాని మందును మజిల్‌లోడర్‌లో పోయకూడదు. దాని కోసమే ప్రత్యేకంగా చేసిన ఒకటి రెండు మోడళ్లు తప్ప మిగతా తుపాకి చేతిలోనే పేలిపోతుంది. గుండు మందును ఆనుకుని కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బి పగలొచ్చు. అందుకని కూరే కడ్డీ మీద సరైన లోతు దగ్గర గీత పెట్టుకుంటారు. ఒకసారి మందు పోసి మరిచిపోయి మళ్లీ పోసినా ఆ గీత చూస్తే తెలిసిపోతుంది.

బర్మింగ్‌హామ్‌లో కూర్చుని ఇదంతా రాయడం నాకే వింతగా అనిపించింది. తర్వాత తెలిసింది, ఈ కథ మా ఊరి నుంచే మొదలైందని. మేం షాపింగ్‌కి వెళ్లే సిటీ సెంటర్ పక్కనే స్టీల్‌హౌస్ లేన్, లవ్‌డే స్ట్రీట్, ప్రైస్ స్ట్రీట్. ఆ ప్రాంతం పేరే గన్ క్వార్టర్. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇక్కడి నుంచి 17 లక్షలకు పైగా మస్కెట్లు వెళ్లాయి. కెనడా అడవుల్లో హడ్సన్స్ బే కంపెనీ ఉన్ని బొచ్చుల బేరంలో అక్కడి ఆదిమ జాతులకు ఇచ్చిన నార్త్‌వెస్ట్ తుపాకుల్లో చాలా భాగం బర్మింగ్‌హామ్ తయారీవే. పక్కన పాము ఆకారపు ఇత్తడి పలక ఉంటే వాటిని గుర్తుపడతారు. ఆ అడవుల్లో ఎలుగుబంట్లను కొట్టింది ఈ తుపాకులతోనే. పశ్చిమ ఆఫ్రికాలో బానిసల వ్యాపారానికి మారకంగా పోయినవీ ఇక్కడివే, దాన్ని దాచి చెప్పడం ఎందుకు?

కోసు గుండు ఆలోచనలోనూ మా ఊరి పాత్ర ఉంది. కాల్చినప్పుడు వెనక భాగం విచ్చుకుని గొట్టపు గాడులను పట్టుకునే గుండును 1835లో విలియం గ్రీనర్ ప్రతిపాదించాడు. అప్పటికి ఆయన న్యూకాజిల్‌లో ఉండేవాడు, 1844లో బర్మింగ్‌హామ్ వచ్చాడు. పేరు మాత్రం తర్వాత ఫ్రాన్స్‌వాడైన మినియేకి పోయింది. 1857లో బ్రిటిష్ ప్రభుత్వం గ్రీనర్‌కు 1,000 పౌండ్లు ఇచ్చి ఆ ఆలోచన ముందు ఆయనదేనని ఒప్పుకుంది.

బాన్‌బరీ స్ట్రీట్‌లో 1813 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ప్రూఫ్ హౌస్ ఇప్పటికీ పనిచేస్తోంది. గుమ్మం పైన ఆయుధాల రంగురంగుల శిల్పం ఉంటుంది. ప్రతి గొట్టంలో మామూలు మోతాదు కంటే బాగా ఎక్కువ మందు వేసి కాల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. ముద్ర లేని తుపాకిని బ్రిటన్‌లో అమ్మడం నేరం. అమెరికాలో ఇలాంటి చట్టం లేదు, అందుకని అక్కడ తయారీదారు పుస్తకంలో రాసిన గరిష్ఠ మోతాదే శాసనం. 1904 తర్వాతి బర్మింగ్‌హామ్ తుపాకి మీద కిరీటం కింద ఎన్‌పి అని ఉంటే నైట్రో పరీక్ష అయినట్టు. ఒక్క బీపీ, బీవీ మాత్రమే ఉంటే పొగరాని మందు జోలికి పోకూడదని అర్థం. వేలంలో పాత తుపాకి కొనే ముందు ఈ ముద్రలు చూసుకోండి.

బ్రిటన్‌లో ఉన్న మనకు ఇది వేట విషయం కాదు. అడవి ఎలుగుబంట్లు ఇక్కడ వందల ఏళ్ల కిందటే అంతరించాయి. మజిల్‌లోడర్‌తో కాల్చాలంటే పోలీసుల సర్టిఫికెట్, బ్లాక్ పౌడర్ ఇంట్లో ఉంచుకోవాలంటే విడిగా ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ కావాలి. మన ఊళ్లో అయితే ప్రశ్నే లేదు. మనది వేరే జాతి ఎలుగుబంటి, 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఉద్దానం జీడితోటల్లో మనుషుల మీద పడిందన్న వార్తలు చదివినప్పుడల్లా నాకూ మనసు పాడవుతుంది, అయినా నాటు తుపాకి దానికి జవాబు కాదు, జైలు దారి.

ఇంకో మాట, వేట అయ్యాక గోళ్లు, పళ్లు, చర్మం బంధువులకు బహుమతిగా పంపాలనుకునేవాళ్లకు. అమెరికన్ నల్ల ఎలుగుబంటి సైటిస్ రెండో జాబితాలో ఉంది. అనుమతి కాగితాలు లేకుండా సూట్‌కేసులో పెట్టి హీత్రూలోనో శంషాబాద్‌లోనో దిగితే చిక్కే. మా వాడు గోళ్ల లాకెట్ తెస్తానన్నాడు, వద్దన్నాను.

వాడు 350 గ్రెయిన్ల గుండు, రెండు గుళికలకు మారాడు. నిన్న 75 గజాల దగ్గర మూడు కాల్పులు కాల్చి కాగితం ఫోటో పంపాడు, మూడు రంధ్రాలూ అరచేతి వెడల్పులో పడ్డాయి. జంతువు పక్కకు తిరిగి నిలబడకపోతే, 75 దాటితే, తుపాకి ఎత్తనని వాళ్ల అమ్మకు మాటిచ్చాడట. వాడు వెళ్లేది వచ్చే శనివారం.