కేంద్ర రహదారి నిధి

మోటారు ఇంధనముపై విధించిన సుంకములో నిర్ణీత భాగమును సామాన్య ఖజానానుండి వేరుపరచి, రోడ్లు, వంతెనల నిర్మాణమునకే వినియోగింపవలెనను నియమముతో భారతదేశమున ఏర్పడిన ధనసంచయమునకు కేంద్ర రహదారి నిధి యని పేరు. ఇది 1929లో పెట్రోలుపై గాలనుకు 2 అణాల అదనపు సుంకముతో ఆరంభమై, ఏడు దశాబ్దములు తీర్మానముల బలముతోనే నడచి, 2000లో ప్రత్యేక చట్టము క్రిందికి వచ్చి, 2018లో కేంద్ర రహదారి, మౌలిక సదుపాయముల నిధి యను నామాంతరమును పొందినది. నిధి జన్మసంవత్సరము విషయమున భిన్నాభిప్రాయములు కలవు. సుంకము హెచ్చిన 1929 మార్చి నెలను కొందరు గ్రహింపగా, పంపిణీ నియమములను కేంద్ర శాసనసభ ఆమోదించిన తీర్మానమును బట్టి కొందరు 1930ని చెప్పుదురు. వసూలు మొదలైన నాటినుండి లెక్కించుటయే సమంజసముగా దోచును.

పూర్వ పద్ధతులు

ఈస్టిండియా కంపెనీ కాలమున రోడ్లు ప్రధానముగా సైనికావసరములను బట్టి వేయబడెను. వాని వ్యయమును మిలిటరీ బోర్డు పర్యవేక్షించుచుండెను. డల్‌హౌసీ గవర్నరు జనరలుగా నున్న కాలమున ఈ బోర్డు తొలగి, పబ్లిక్ వర్క్సు శాఖ వెలసెను. ఈ మార్పునకు కొన్ని గ్రంథములు 1854ను, కొన్ని 1855ను పేర్కొనును. కేంద్రమున శాఖ ఏర్పడుటకును, రాష్ట్రములలో అది పనిలోనికి దిగుటకును నడుమనున్న వ్యవధియే యీ భేదమునకు కారణము కావచ్చును. పిమ్మట రైలుమార్గములు విస్తరించినకొలదియు ప్రభుత్వధనము వానివైపు మరలగా, రోడ్లు క్రమముగా జిల్లాల పోషణకు వదలివేయబడినవి.

కోస్తాంధ్ర, రాయలసీమలు చేరియున్న మద్రాసు రాష్ట్రమున ఈ పోషణభారము మొదట భూమిపై బడినది. 1866 నాటి జిల్లా రోడ్డు సెస్సు చట్టము, దానిని విస్తరించిన 1871 నాటి లోకల్ ఫండు చట్టము, తరువాత 1884 నాటి స్థానిక బోర్డుల చట్టము ఇందుకు ఆధారములు. శిస్తు రూపాయికి 1 అణా చొప్పున సెస్సు విధింపబడిన చోట, 40 రూపాయల శిస్తు గల పట్టాదారు దానికి తోడుగా 2 రూపాయల 8 అణాలు చెల్లింపవలసియుండెను. జమీందారీ గ్రామములలో సెస్సును భూస్వామియే కట్టి, అందు సగమును కౌలుదారునుండి రాబట్టుకొనుటకు వీలుండెను. ఈ పద్ధతిలో రోడ్డుపై బండి తోలినవాడును, ఊరు దాటి యెరుగనివాడును ఒకే రీతిగా వ్యయమును భరించిరి. భూమిలేని వర్తకుడు ఎన్ని బండ్లు నడిపినను సెస్సుకు వెలుపలనే యుండెను.

ఈ లోపమును కొంత పూరించినది, రోడ్డు వాడుకకై గేటువద్ద బండ్లనుండి వసూలు చేయు రుసుమగు ఆశీలు. బోర్డులు తమ గేట్లను వేలము వేసి, హెచ్చు పాట పాడినవానికి గుత్తకిచ్చెడివి. పాట సొమ్ము బోర్డుకు ముట్టిన పిమ్మట గేటువద్ద వసూలైనదంతయు గుత్తదారునిదే. వచ్చిపోవు బండ్ల సంఖ్యయే అతనికి ముఖ్యము గాని, బండ్లు పోవు బాట యెట్లున్నదను చింత అతనికి కలుగవలసిన పని లేదు. ఆశీలు చెల్లించువానికిని, రోడ్డును మరమ్మతు చేయించువానికిని నడుమ నిట్లు మూడవవాడు నిలిచియుండుటయే ఈ పద్ధతిలోని ప్రధాన దోషము.

జయకర్ సంఘము

1919 నాటి రాజ్యాంగ సంస్కరణలవలన రోడ్లు రాష్ట్రముల యధీనమైనవి. అదే కాలమున, మొదటి ప్రపంచ యుద్ధానంతరము, మోటారు బండ్లు త్వరత్వరగా పెరిగి, ఎద్దుబండ్లకై వేసిన కంకర రోడ్లను చెరుపసాగినవి. జిల్లా సరిహద్దులను దాటి పోవు వాహనముల నష్టమును జిల్లా బోర్డు పూడ్చవలసివచ్చుట నాటి చిక్కుముడి. కేంద్ర శాసనమండలులలో చర్చ జరిగిన పిమ్మట, 1927లో ముకుంద రామారావు జయకర్ అధ్యక్షతన రహదారి అభివృద్ధి సంఘము నియమితమై, 1928లో నివేదిక సమర్పించెను.

రోడ్ల అభివృద్ధి రాష్ట్ర ప్రభుత్వములకును, స్థానిక సంస్థలకును శక్తికి మించిన పనియై దేశప్రయోజన విషయముగా పరిణమించినదనియు, కావున వ్యయములో కొంత కేంద్రమే భరించుట న్యాయమనియు, మోటారు ఇంధనముపై అదనపు సుంకము విధించి ఆ సొమ్మును రోడ్లకే కట్టడి చేయవలెననియు, సాంకేతిక విషయములను చర్చించుటకు ఒక సంస్థ యుండవలెననియు సంఘము సూచించెను. ఈ చివరి సూచన 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసుగా ఫలించినది. ఇంధన సుంకమును రోడ్లకు ముడిపెట్టుట అప్పటికి క్రొత్త గాదు: అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రము 1919లోనే గాలనుకు 1 సెంటు విధించియుండెను. ఇంగ్లండులో 1920లో స్థిరపడిన రోడ్డు నిధి వాహన పన్నులపై ఆధారపడినది. ఆర్థికమంత్రిగా చర్చిల్ ఆ నిధిలోని మిగులును సామాన్య వ్యయమునకు మరల్చిన ఉదంతము, ఇటువంటి నిధులకు కలుగగల అపాయమును ముందుగనే సూచించినది.

పంపిణీ నియమములు

1929లో పెట్రోలుపై సుంకము గాలనుకు 4 అణాలనుండి 6 అణాలకు పెరిగి, ఆ పెరిగిన 2 అణాలు నిధికి చేరినవి. గాలనుకు 20 మైళ్ళు నడచు కారు నూరు మైళ్ళు పోయినచో రోడ్లకై 10 అణాలు చెల్లించినట్లగును. గేటువద్ద ఆగవలసిన పని లేదు, గుత్తదారునితో తగవు లేదు. వసూలైనదానిలో పదవ వంతును మొదట కేంద్రము తన యొద్ద నుంచుకొని, శేషమును ఆయా రాష్ట్రములలో ఖర్చయిన పెట్రోలును బట్టి పంచెడిది. కేంద్రపు భాగము క్రమముగా పెరిగి, తుదకు 20 శాతమైనది.

వాడుకను బట్టి పంచుట పైకి న్యాయముగా గనిపించినను, రోడ్లున్న చోటనే మోటారులుండుటచే, మోటారులున్న చోటికే ధనము పోయెడిది. రోడ్లు లేని ప్రాంతములకు లభించినది స్వల్పము. నిధిసొమ్ము వచ్చుటతో కొన్ని రాష్ట్రములు తమ సొంత వ్యయమును తగ్గించుకొనినవను ఆరోపణయు నాడు వినవచ్చినది; 1930 తరువాతి ఆర్థికమాంద్యమును గూడ లెక్కలోనికి గొన్నచో ఈ యారోపణ ఎంతవరకు నిజమో నిర్ణయించుట సులభము గాదు. మొదట అయిదేండ్లకై యుద్దేశింపబడిన నిధి 1934లో స్థిరపడినది. తగిన కారణము లేక తన భాగమును వినియోగింపక జాగుచేసిన రాష్ట్రమునుండియు, మోటారు వాహనముల నియంత్రణలో కేంద్రపు సూచనలను పాటింపని రాష్ట్రమునుండియు ఆ భాగమును వెనుకకు తీసికొను అధికారమును 1937 తీర్మానము కేంద్రమునకు కల్పించెను. రైళ్ళకు బస్సులతో గలిగిన పోటీని గూర్చి మిచెల్, కర్క్‌నెస్ అను ఇరువురు అధికారులు జరిపిన విచారణయు, 1933 నాటి సిమ్లా సమావేశమును దీనికి పూర్వరంగము.

మద్రాసులో ఆశీలు రద్దు

తెలుగు జిల్లాలవారికి కేంద్ర నిధికంటె ఎక్కువగా అనుభవమునకు వచ్చిన సంస్కరణము 1931 నాటి మద్రాసు మోటారు వాహనముల పన్ను చట్టము. స్థానిక సంస్థలు వసూలు చేయుచుండిన ఆశీళ్ళు దీనివలన తొలగి, వానికి మారుగా వాహనములపై రాష్ట్రవ్యాప్తమైన పన్ను వచ్చెను. రాబడి కోల్పోయిన బోర్డులకును, మునిసిపాలిటీలకును ప్రభుత్వము పరిహార మిచ్చుచుండెను. మోటారు యజమానుల ఒత్తిడియే ఈ రద్దునకు కారణమని కొంద రందురు. గేటుగేటునకు ఆగుటలోని చికాకు, గుత్త పద్ధతిలో జరుగు నష్టము సైతము కారణములేయని చెప్పుట యుక్తతరము. మోటారులేని బండివానికిగూడ గేటు బాధ తప్పుట ఈ చట్టమువలన గలిగిన మేలు. నిజాము రాజ్యమున పరిస్థితి వేరు: అచట 1932లో రైల్వే శాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించుటచే, రైలు, రోడ్డుల పోటీ ఒకే ఖాతాలో సర్దుకొనినది.

స్వాతంత్ర్యానంతరము

1943లో నాగపూరునందు సమావేశమైన ముఖ్య ఇంజనీర్లు ఇరువదియేండ్ల ప్రణాళికను రచించి, జాతీయ రహదారుల వ్యయమును కేంద్రము వహింపవలెనని సూచించిరి. 1947 ఏప్రిల్ 1 నుండి ఆ భారమును కేంద్రము స్వీకరించెను. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో జాతీయ రహదారులు కేంద్రజాబితాలోను, తక్కిన రోడ్లు, వంతెనలు, వాహన పన్ను, ఆశీలు రాష్ట్రజాబితాలోను చేరినవి. నిధికి వచ్చు సుంకము ధరను బట్టి గాక పరిమాణమును బట్టి లెక్కింపబడుటచే, ధరలు పెరిగినను నిధి పెరుగలేదు. దీనిని సరిదిద్ద నుద్దేశించిన 1988 నాటి పార్లమెంటు తీర్మానము ఆచరణలో నామమాత్రమయ్యెను.

అసలు మార్పు 1998లో పెట్రోలుపైనను, 1999లో డీసెలుపైనను లీటరుకు 1 రూపాయి చొప్పున సెస్సు విధించుటతో మొదలైనది. 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టము డీసెలు సెస్సులో సగమును గ్రామీణ రోడ్లకు కేటాయించెను. శేషించిన సగమును, పెట్రోలు సెస్సు మొత్తమును కలిపి అందు 57.5 శాతము జాతీయ రహదారులకు, 30 శాతము రాష్ట్ర రోడ్లకు, 12.5 శాతము రైల్వే గేట్లవద్ద వంతెనలు మున్నగు వానికి పంచెను. సెస్సు రేటు ఎంతయను దానికంటె ఈ భాగములు చట్టములోనే వ్రాయబడుట మేలైన సంస్కరణము. గ్రామీణ సడక్ యోజన యను గ్రామీణ రోడ్ల పథకమునకు స్థిరమైన ఆధారము దీనివలననే లభించినది.

ఆశీలు పునరాగమనము

ఒకప్పుడు తొలగిన ఆశీలు వంతెనలద్వారా మరల ప్రవేశించినది. 25 లక్షల రూపాయలకు మించిన వ్యయముతో కట్టబడి, 1976 ఏప్రిల్ 1న గాని, అటుతరువాత గాని తెరువబడిన శాశ్వత వంతెనలపై రుసుము వసూలు చేయుటకు 1977లో జాతీయ రహదారుల చట్టము సవరింపబడినది. 1995 సవరణ ప్రైవేటు పెట్టుబడికి ద్వారము తెరచినది. రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ ఈ రెండు యుగములును ప్రక్కప్రక్కనే కానవచ్చును: దిగువన రైలు, పైని రోడ్డు గల 1974 నాటి వంతెన ప్రభుత్వధనముతో కట్టినది, 2015లో తెరచిన నాలుగవ వంతెన ప్రైవేటు సంస్థ పెట్టుబడితో, ఆశీలు వసూలు హక్కుపై వెలసినది. 2021నుండి ఎలక్ట్రానిక్ చెల్లింపు చీటీయైన ఫాస్టాగ్ నిర్బంధమగుటతో గేటువద్ద రొక్కపు వ్యవహారము చాలవరకు తగ్గినది.

విమర్శ

సెస్సు సొమ్ము నేరుగా నిధికి పోదు; మొదట భారత సంచితనిధిలో చేరి, పార్లమెంటు ఆమోదించిన మేరకే బదిలీ యగును. వసూలైనదంతయు బదిలీ కాలేదని కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ నివేదికలు పలుమారు ఎత్తిచూపినవి. 2018 బడ్జెటులో లీటరుకు 2 రూపాయల మూల ఎక్సైజు సుంకమును తగ్గించి, 6 రూపాయల పాత రోడ్డు సెస్సును తొలగించి, 8 రూపాయల క్రొత్త సెస్సు విధింపబడినది. వినియోగదారునికి ధర మారలేదు. కాని మూల సుంకములో రాష్ట్రములకు వాటా కలదు, సెస్సులో లేదు. అదే సంవత్సరము నిధి నిర్వహణ రహదారుల మంత్రిత్వశాఖనుండి ఆర్థిక మంత్రిత్వశాఖకు మారి, వినియోగము రైల్వే, నీటిపారుదల మున్నగు ఇతర రంగములకును విస్తరించినది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్రోలు, డీసెలులపై లీటరుకు 1 రూపాయి చొప్పున తన స్వంత రహదారి సెస్సును విధించుటను ఈ నేపథ్యమున గ్రహింపవలెను.

2018 మార్పును కొందరు సౌకర్యార్థమైన ఏకీకరణముగా భావింతురు; నిధిలక్షణమే సడలినదని మరికొంద రందురు. రోడ్డు వాడువారు చెల్లించినది రోడ్డుకే చేరవలెనను జయకర్ సంఘపు మూలసూత్రమును ప్రమాణముగా గొన్నచో రెండవ పక్షమే బలవత్తరముగా గనిపించును.