ప్రభుత్వ భవనాలలో శక్తి పొదుపు

ఇంటిలో దీపం ఊరకే వెలుగుతూ ఉంటే యజమాని లేచి ఆర్పివేస్తాడు. బిల్లు చెల్లించేది అతడే గదా! ప్రభుత్వ కార్యాలయంలో దీపాన్ని వాడేవారు వేరు, ఖర్చు భరించే ఖజానా వేరు. అందుచేత అచ్చట పొదుపు ఉత్తరువుతో ప్రారంభం కావలసివచ్చినది.

అమెరికా చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఎగుమతిని నిలిపివేసినవి. చలికాలం సమీపిస్తున్నది. నవంబరు 7వ తేదీన అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ కార్యాలయాలలో పగటి ఉష్ణోగ్రతను 65-68 ఫారన్‌హీటు డిగ్రీలకు, అనగా సుమారు 18-20 సెంటీగ్రేడు డిగ్రీలకు, తగ్గించవలసినదని ఆదేశించినాడు.

ఉత్తరువు వలన అలవాట్లు మారవచ్చును గాని గోడలు మారవు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టరు నగరంలో 1976లో పూర్తియైన ఏడంతస్తుల నారిస్ కాటన్ ప్రభుత్వ భవనం గోడల సంగతి కూడా ఆలోచించి కట్టినది. దాని ఆకారం దాదాపు ఘనం. ఎందుకు? 20, 10, 5 మీటర్ల కొలతలు గల భవనపు ఘనపరిమాణం 1,000 ఘనమీటర్లు. ఉపరితల వైశాల్యం 700 చదరపు మీటర్లు. ప్రతి భుజమూ 10 మీటర్లైతే ఘనపరిమాణం అంతే, ఉపరితలం మాత్రం 600. ఉష్ణం బయటికి పోయేది ఉపరితలం గుండానే! చలికాలంలో ఎండ సోకని ఉత్తరపు గోడకు కిటికీలే పెట్టలేదు.

అంతవరకు లెక్క చమురుది, డబ్బుది. కాని 1958 నుండి హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతం మీద కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలుస్తూ వచ్చినాడు. నాడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లున్న ఆ వాయువు నేడు 420 దాటినది. 1999 జూన్ 3న అధ్యక్షుడు క్లింటన్, ప్రభుత్వ భవనాల శక్తి వినియోగం వలన వెలువడే హరితగృహ వాయువులను 2010 నాటికి 1990 మట్టంకంటె 30 శాతం తగ్గించాలని లక్ష్యం విధించినాడు. ఉష్ణమాపకంతో మొదలైన పొదుపు వాయుమండలం వరకు పోయినది.

మన దేశంలో శక్తి పరిరక్షణ చట్టం 2001లోను, భవనాలకు ప్రత్యేక నియమావళి 2007లోను వచ్చినవి. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ నియమావళిని స్వీకరించినది. అదే సంవత్సరం ఢిల్లీలో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ భవనం పైన 930 కిలోవాట్ల సూర్యశక్తి ఫలకాలున్నవి.

మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు మిగిలితే సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ప్రభుత్వ పాఠశాల కూడా ప్రభుత్వ భవనమే. దాని మీటరును నెలనెలా చదివి గ్రాఫు గీయడం విద్యార్థులకు చక్కని ప్రయోగం కాగలదు.